మగపిల్లలతో ఆడనివ్వండి, కానీ అమ్మాయిలకంటూ ఒక జట్టు కూడా కావాలి

అమ్మా, మీరు అడిగినవి మూడు. మీ పాపకి పదకొండేళ్లు, ఆరో తరగతి. పొద్దున పూట తిరుపతిలో మగపిల్లల బ్యాచ్‌లో ఫుట్‌బాల్ ఆడుతోంది, ఆ బ్యాచ్‌లో ఆమె కాక ఇంకొక్క అమ్మాయే ఉంది. ఇలా ఎన్నేళ్ల వరకు ఆడించొచ్చు అనేది మొదటి ప్రశ్న. మగపిల్లలతో ఆడితే దెబ్బలు తగులుతాయి, ఎండకి నల్లబడిపోతుంది, ఇక చాలు మాన్పించమని మీ అత్తగారు అంటున్నారు, ఆమెకి ఏం చెప్పాలనేది రెండోది. మీ అపార్ట్‌మెంట్లో ఇంకో నలుగురైదుగురు ఆడపిల్లలకి ఆసక్తి ఉంది, వాళ్లతో జట్టు అవుతుందా అనేది మూడోది. చిత్తూరు, తిరుపతి పక్క బడిపిల్లలకి చాలా ఏళ్లుగా ఫుట్‌బాల్ నేర్పిస్తున్నదాన్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా చెప్తాను. ఆడనివ్వండి. ఈ వయసులో మగపిల్లలతో ఆడటం వల్ల మీ పాపకి లాభమే ఎక్కువ. అయితే మీ పాప బాగా ఆడటం ఒక విషయం, మన ఊళ్లో అమ్మాయిల ఫుట్‌బాల్ ఎదగడం ఇంకో విషయం. మొదటిదానికి మగపిల్లల బ్యాచ్ ఇంకొన్నాళ్లు సరిపోతుంది. రెండోదానికి మాత్రం అమ్మాయిలకంటూ ఒక సమయం, ఒక జట్టు ఉండాల్సిందే. ఎంతో మంది కోచ్‌లు ‘మా దగ్గర అమ్మాయిలు కూడా ఆడతారు’ అని ఒకరిద్దర్ని చూపించి ఊరుకుంటారు. మిగతా ఆడపిల్లలు ఎందుకు రావట్లేదో ఎవరూ అడగరు. నా బాధంతా అక్కడే.

వయసు సంగతి చూద్దాం. ఆడపిల్లలు ముందు ఎదుగుతారు. వాళ్ల ఎదుగుదల జోరు దాదాపు పన్నెండేళ్లప్పుడు, మగపిల్లలకి పద్నాలుగు దగ్గర. అందుకే ఆరు, ఏడు తరగతుల్లో క్లాసులో పొడుగ్గా ఉండేది చాలాసార్లు అమ్మాయిలే. ఆ వయసు వరకు బలంలోగానీ వేగంలోగానీ పెద్ద తేడా ఏమీ ఉండదు. ఉన్న తేడా అంతా ఎవరు ఎక్కువ ఆడారన్నదే. మగపిల్లవాడు నాలుగేళ్లప్పటి నుంచి వీధిలో బాల్ తన్నుతుంటాడు, ఆడపిల్ల పదేళ్లకి మొదటిసారి బాల్ ముట్టుకుంటుంది. ఆ వెనుకబాటుని చూసి ‘ఆడపిల్లలకి ఇంతే’ అనేస్తారు. పదమూడు, పద్నాలుగు దాటాక మగపిల్లల బరువు, కండ, పరుగు వేగం ఒక్కసారిగా పెరుగుతాయి. అప్పటి నుంచి ఒంటికి ఒళ్లు తగిలే ఆటలో తేడా తెలుస్తుంది.

కాబట్టి పన్నెండు వరకు ఆలోచించకుండా ఆడించండి. పన్నెండు నుంచి పద్నాలుగు వరకు వయసు లెక్క పక్కనపెట్టి పిల్లని చూడండి, ఎదుటివాళ్లని చూడండి. ఒకే బ్యాచ్‌లో ముప్పై కిలోల పిల్లాడూ ఉంటాడు, యాభై అయిదు కిలోల పిల్లాడూ ఉంటాడు. ఆ పెద్దవాడి ఎదురుగా నిలబెడితే చిన్న మగపిల్లాడికైనా దెబ్బే తగులుతుంది. పద్నాలుగు తర్వాత మ్యాచులు అమ్మాయిలతోనే ఆడాలి. ప్రాక్టీసులో మాత్రం తనకి సరిజోడైన మగపిల్లలతో పాసింగ్, బాల్ కంట్రోల్ చేసుకుంటే మంచిదే. అక్కడ ఆట వేగం ఎక్కువ కాబట్టి నిర్ణయం తొందరగా తీసుకోవడం అలవాటవుతుంది.

ఇది నా సొంత అభిప్రాయమే అనుకోకండి. మన దేశంలో ఫుట్‌బాల్ నడిపే ఏఐఎఫ్ఎఫ్ 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ మొదలుపెట్టినప్పుడు చిన్నపిల్లల్ని ఆడ, మగ తేడా లేకుండా కలిపే ఆడించమంది. ఇంగ్లండ్ సంగతైతే తెలుసుకోవాల్సిందే. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఆడవాళ్ల మ్యాచ్ చూడటానికి 53 వేల మంది వచ్చారు. ఆ మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లని ఆడనివ్వకూడదని తీర్మానించింది. అది ఎత్తేయడానికి యాభై ఏళ్లు పట్టింది. 1978లో ఒక పన్నెండేళ్ల అమ్మాయి మగపిల్లల జట్టులో ఆడే హక్కు కోసం కోర్టుకెళ్లి, పై కోర్టులో ఓడిపోయింది. 1991లో పదకొండేళ్ల లోపు పిల్లలు కలిసి ఆడొచ్చన్నారు, తర్వాత మెట్టుమెట్టుగా పెంచుతూ పద్దెనిమిది వరకు తెచ్చారు. నెదర్లాండ్స్‌లో 2020లో ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయికి తన ఊరి క్లబ్బు మగవాళ్ల మొదటి జట్టులోనే ఆడే అనుమతి దొరికింది. మన దగ్గర మణిపూర్ నుంచి వచ్చిన బాలాదేవి చిన్నప్పుడు మగపిల్లలతోనే ఆడింది, 2020లో స్కాట్లాండ్‌లోని రేంజర్స్ క్లబ్ ఆమెతో ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకుంది.

అయితే మగపిల్లల బ్యాచ్‌లో చేర్చినంత మాత్రాన ఆట వచ్చేయదు. ఒక పని చేయండి. ఈ ఆదివారం గ్రౌండ్ గట్టు మీద కూర్చుని, మ్యాచ్ ఆడేటప్పుడు పది నిమిషాల పాటు మీ పాపని మాత్రమే చూడండి. బాల్ ఆమె కాలికి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. తర్వాత పది నిమిషాలు, అంతే ఆట వచ్చిన ఒక పిల్లాడిని చూడండి. చాలా గ్రౌండ్లలో కనిపించేది ఏంటంటే, పాప ఖాళీగా నిలబడి చెయ్యెత్తి అడుగుతున్నా పాస్ ఇవ్వరు. పక్కనే ముగ్గురు చుట్టుముట్టిన స్నేహితుడికి ఇస్తారు, అక్కడ బాల్ పోతుంది. నాలుగైదు సార్లు ఇలా అయ్యేసరికి పాప అడగడం మానేస్తుంది. ఇంకో వారానికి బాల్ దగ్గరికి పరిగెత్తడం కూడా మానేసి, లైన్ పక్కన నడుస్తూ ఉంటుంది. అప్పుడు కోచ్ ‘పాపకి ఇంట్రెస్ట్ తగ్గింది’ అంటాడు.

దీనికి మందు చిన్న ఆటలు. పదకొండు మంది, పదకొండు మంది పెద్ద గ్రౌండ్‌లో ఆడితే ఎవరినైనా వదిలేసి ఆడొచ్చు. నలుగురు, నలుగురు చిన్న చోట ఆడితే ఎవరినీ వదలలేరు, బాల్ అందరికీ రావాల్సిందే. ఆ వయసుకి అదే సరైన ఆట కూడా. అమ్మాయి కొట్టిన గోల్‌కి రెండు పాయింట్లు అని పెట్టే కోచ్‌లున్నారు. ప్రేమతోనే పెడతారు, కానీ ఆ ఒక్క మాటతో ఆ పిల్ల తక్కువది అని అందరికీ చెప్పినట్టవుతుంది. వద్దని చెప్పండి. ఎప్పుడు చూసినా మీ పాపని గోల్‌కీపర్‌గానో, వెనక డిఫెన్స్‌లో ఒక మూలనో పెడుతుంటే అదీ అడగండి. కీపింగ్ గొప్ప పని, ఇష్టపడి చేస్తే. పదకొండేళ్లకి మాత్రం అన్ని స్థానాల్లోనూ ఆడించాలి. బాల్ కూడా చూడండి. ఆ వయసుకి నాలుగో సైజు బాల్ కావాలి. పెద్దవాళ్ల అయిదో సైజు బాల్‌తో ఆడిస్తే పాదం లోపలి వైపుతో పాస్ చేయడం రాదు, బొటనవేలితో పొడవడం అలవాటవుతుంది.

ఇప్పుడు దెబ్బల సంగతి. మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయను, కాకపోతే ఆమె భయపడుతున్న చోట కాదు అసలు ప్రమాదం. మోకాలు దోక్కుపోవడం, పిక్క మీద ఒక తన్ను తగలడం ఆటలో మామూలే. అమ్మాయిల విషయంలో జాగ్రత్త పడాల్సింది మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ అనే పట్టీ గురించి, ఏసీఎల్ అంటారు దాన్ని. యుక్తవయసు తర్వాత మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఇది తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ గుద్దకుండానే, ఎగిరి దిగేటప్పుడో, పరుగులో ఒక్కసారిగా పక్కకి తిరిగేటప్పుడో తెగుతుంది. అంటే అమ్మాయిలతో ఆడినా ఈ ప్రమాదం ఉంటుంది, మగపిల్లల్ని దూరం పెట్టినంత మాత్రాన పోదు.

ఇంట్లోనే చూడొచ్చు. పాపని ఒక మెట్టు మీద నిలబెట్టి, రెండు కాళ్లతో కిందికి దూకమనండి. మీరు ఎదురుగా నిలబడి మోకాళ్లు మాత్రమే చూడండి. దిగగానే మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి దగ్గరికి వస్తున్నాయా, లేక పాదాల మీదుగా నేరుగా ముందుకి వంగుతున్నాయా? లోపలికి పడుతుంటే భయపడక్కర్లేదు, నేర్పితే మారుతుంది. దానికోసమే ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాలు పడుతుంది. నెమ్మదిగా పరుగు, మోచేతుల మీద ఒళ్లంతా తిన్నగా నిలిపి ఉంచే ప్లాంక్, ఒంటికాలి మీద నిలబడటం, మోకాలు తిన్నగా ఉంచి దూకి దిగడం, చివర్లో దిశ మార్చి పరుగెత్తడం, అంతే. సామాన్లేమీ అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు, చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. మన గ్రౌండ్లలో వార్మప్ అంటే రెండు రౌండ్లు పరుగెత్తించి బాల్ ఇచ్చేయడమే. మీ కోచ్‌ని ఈ ఒక్కటి అడిగి సాధించుకోండి, బ్యాచ్‌లోని మగపిల్లలకీ మేలు.

నేల గురించి కూడా ఒక మాట. మన పక్క గ్రౌండ్లు చాలా వరకు ఎర్రమట్టి, గులకరాళ్లు. అలాంటి గట్టి నేల మీద అడుగున పొడుగు మొనలు (స్టడ్స్) ఉన్న బూట్లు వేస్తే కాలు జారుతుంది, మడమ మెలిపడుతుంది. రబ్బరు అడుగున చిన్న చిన్న బుడిపెలున్న బూట్లు చాలు. మోకాలి కింద ముందు ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డ్‌లు మాత్రం తప్పనిసరి. తలతో బాల్ కొట్టడం ఈ వయసులో నేర్పక్కర్లేదు. అమెరికాలో పదేళ్ల లోపు పిల్లలకి అది 2015 చివర్లోనే వద్దన్నారు.

ఇంకోటి, ఇది ఎవరూ పట్టించుకోనిది. పాప తొందరగా అలిసిపోతుంటే ‘స్టామినా లేదు’ అనేముందు రక్తపరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలసరి మొదలయ్యాక ఇది ఇంకా పెరుగుతుంది. రాగిసంకటి, ఆకుకూర పప్పు, వేరుశనగ చిక్కీ, గుడ్డు, మాంసం తినేవాళ్లైతే వారానికి రెండుసార్లు అది. ఆటాడే పిల్ల పొద్దున ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కి వెళ్లకూడదు, ఒక అరటిపండైనా తినాలి.

నెలసరి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. నేను చూసినంతలో మా పక్క ఆడపిల్లలు ఆట వదిలేసేది దెబ్బల వల్ల కాదు. సమర్త అయిందని ఇంట్లో కూర్చోబెడతారు. పదకొండు రోజులో, పదహారు రోజులో అయ్యాక బడికి పంపుతారు, గ్రౌండ్‌కి మాత్రం పంపరు. బంధువులంతా వచ్చి చీర కట్టి హారతిచ్చి వెళ్లాక, ఆ పిల్ల నిక్కరేసుకుని పరుగెత్తడం ఇంట్లో ఎవరికీ ఇష్టం ఉండదు. అలా పోయినవాళ్లలో చక్కగా ఆడేవాళ్లు ఎంతో మంది. మీరు తల్లి కాబట్టి ఈ మాట ముందే ఇంట్లో తేల్చుకోండి. వేడుక చేసుకోండి, ఎవరూ వద్దనరు. రెండు వారాలకి మళ్లీ గ్రౌండ్‌కి వెళ్తుందని పాపకీ, పెద్దవాళ్లకీ ఇప్పుడే తెలిసి ఉండాలి. ఆ రోజుల్లో ఆడొచ్చా అంటే, నొప్పి లేకపోతే నిరభ్యంతరంగా ఆడొచ్చు. బట్టలు ముదురు రంగువి తీసుకోండి. చాలా బడుల్లో శనివారం తెల్ల యూనిఫామ్, అదే రోజు గేమ్స్ పీరియడ్ పెడితే అమ్మాయిలు ఏదో ఒక సాకు చెప్పి కూర్చుంటారు. ఇంగ్లండ్ మహిళల జట్టే 2023లో తెల్ల నిక్కర్లు మానేసి నీలం రంగుకి మారింది. మోకాళ్ల కింది దాకా లెగ్గింగ్స్, ఫుల్ ట్రాక్ ఏదైనా సరే. మదనపల్లె, పుంగనూరు పక్క ముస్లిం కుటుంబాల తల్లులు తలకి కట్టుకునే గుడ్డ గురించి అడుగుతుంటారు. 2014 నుంచి అంతర్జాతీయ నిబంధనల్లోనే దానికి అనుమతి ఉంది. ఏ కోచ్ అయినా అడ్డం చెప్తే ఈ మాట చెప్పండి.

ఇక జట్టు విషయం. స్కూల్ గేమ్స్‌లో అబ్బాయిలకీ అమ్మాయిలకీ పోటీలు వేరువేరు. మీ పాప ఎన్నేళ్లు మగపిల్లలతో ప్రాక్టీస్ చేసినా, సెలెక్షన్స్ రోజున నిలబడాల్సింది అమ్మాయిలతోనే. సుబ్రతో కప్ అయితే బడి జట్టుతో ఆడే పోటీ, అండర్-17 అమ్మాయిల విభాగం అందులో ఉంది. మీ పాప ఎంత బాగా ఆడినా ఒక్కతే వెళ్లలేదు, ఆ బడికి మొత్తం జట్టు ఉండాలి. మన జిల్లాల్లో చాలా బడుల్లో ఆ జట్టు ఎలా తయారవుతుందో నాకు తెలుసు. పోటీకి వారం ముందు కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లల్ని పిలిచి, బూట్లేసి పంపుతారు. ఎనిమిది, పది గోల్స్ తేడాతో ఓడి వస్తారు, మళ్లీ ఆ పిల్లలు ఫుట్‌బాల్ జోలికి రారు.

దేశం స్థాయిలో కూడా ఇదే జరిగింది. 2022 అక్టోబరులో అండర్-17 మహిళల ప్రపంచకప్ మన దగ్గరే జరిగితే మన అమ్మాయిలు అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0తో ఓడారు. ఆ పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. కానీ ఎదుటి జట్ల అమ్మాయిలు చిన్నప్పటి నుంచి ప్రతి వారం లీగ్ మ్యాచులు ఆడి వచ్చినవాళ్లు, మనవాళ్లు ఎక్కువగా క్యాంపుల్లో తయారైనవాళ్లు. అదే మన సీనియర్ మహిళల జట్టు 2025 జులైలో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఈ తరం జట్టులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది, తెలుగుపిల్ల. మన పక్కనే అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెల ఆడపిల్లలు ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. వాళ్లకి వచ్చింది మనకి రాకపోవడానికి కారణమేమీ లేదు.

మీ అపార్ట్‌మెంట్ పిల్లలు నలుగురైదుగురు అన్నారు కదా, మొదలుపెట్టడానికి అది చాలు. పదకొండు మంది దొరికే వరకు ఆగొద్దు. ఎనిమిది మంది అయితే నలుగురు నలుగురు ఆడొచ్చు. ఒక్కో పిల్లని ఒక స్నేహితురాలిని తీసుకురమ్మనండి. ఆడపిల్లలు ఒంటరిగా రారు, జంటగా వస్తారు, ఇది నేను ప్రతి బడిలోనూ చూశాను. మొదటి రోజు కొందరు చెప్పులతో, చున్నీతో వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. వాళ్లని వరసలో నిలబెట్టి విజిల్ వేయొద్దు. ఇద్దరికి ఒక బాల్ ఇచ్చి పాస్ చేసుకోమనండి, అరగంటలో చున్నీ నడుముకి చుట్టేస్తారు. వచ్చే వారం బూట్లతో వస్తారు. మగపిల్లల బ్యాచ్‌లోకి వీళ్లని ఎంత పిలిచినా వచ్చి ఉండేవాళ్లు కాదు. మీ పాపలాంటి ధైర్యం ఉన్న పిల్ల ఏ బడిలోనైనా ఒక్కరో ఇద్దరో ఉంటారు. మిగతా ఇరవై మంది కోసమే ఈ బ్యాచ్.

చోటు దొరకడమే కష్టం. తిరుపతి ఇందిరా మైదానమైనా, చిత్తూరు మెసానికల్ గ్రౌండ్ అయినా సాయంత్రమయ్యేసరికి క్రికెట్ వాళ్లతో నిండిపోతుంది. ఒక మూలన ఇరవై గజాల చోటు అడగండి, చిన్న ఆటలకి అంతకు మించి అక్కర్లేదు. వారానికి మూడు రోజులు, పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకు పెట్టుకుంటే ఎండ గొడవా ఉండదు, ట్యూషన్ గొడవా ఉండదు. రోజు మార్చొద్దు, ఇద్దరే వచ్చినా ఆపొద్దు. కోచింగ్‌కి మీ బడి పీఈటీని అడగండి. పద్మావతి మహిళా యూనివర్సిటీలో, ఎస్వీ యూనివర్సిటీలో ఆటలాడే అమ్మాయిలుంటారు, వాళ్లలో ఒకరు వారానికి ఒక్కరోజు వచ్చినా పిల్లలకి అది పెద్ద ధైర్యం. తమలాంటి అక్క బాల్‌తో ముగ్గుర్ని దాటుకుని పోవడం కళ్లారా చూస్తే, మనం పది రోజులు చెప్పిన దానికంటే ఎక్కువ ఎక్కుతుంది. కోచ్ మగవారైతే గ్రౌండ్ దగ్గర ఒక తల్లి ఎప్పుడూ ఉండాలి, మెసేజ్‌లు తల్లిదండ్రుల గ్రూపులోనే పెట్టాలి. మంచి కోచ్ ఎవరూ దీనికి బాధపడరు.

మీ పాప మాత్రం రెండు చోట్లా ఆడాలి. మగపిల్లల బ్యాచ్‌లో రెండు రోజులు, అమ్మాయిల బ్యాచ్‌లో మూడు రోజులు. అక్కడ వేగం నేర్చుకుంటుంది, ఇక్కడ మధ్యలో నిలబడి ఆటని నడిపించడం నేర్చుకుంటుంది. ఈ రెండోది మగపిల్లల మధ్య ఆమెకి దొరకదు.

మీ అత్తగారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆమెని ఒకరోజు గ్రౌండ్‌కి తీసుకురండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. రంగు సంగతి అంటే, ఆరింటికి ఆడి ఏడున్నరకి ఇంటికొచ్చే పిల్లకి ఎండ తగిలేది తక్కువే, ఫుల్ చేతుల టీషర్ట్ ఉండనే ఉంది. పెళ్లి సంబంధాల మాట పదకొండేళ్ల పిల్ల దగ్గర ఎత్తొద్దని మాత్రం గట్టిగానే చెప్పండి, ఆ మాట పిల్లల మనసులో ఉండిపోతుంది.

ఒక చిన్న పని మర్చిపోకుండా ఇప్పుడే చేసిపెట్టుకోండి. అండర్-14 సెలెక్షన్స్‌కి వయసు రుజువు అడుగుతారు. పాప జనన ధ్రువీకరణ పత్రంలో, ఆధార్‌లో, బడి రికార్డులో పుట్టిన తేదీ, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఈ సెలవుల్లోనే మీసేవలోనో, సచివాలయంలోనో సరిచేయించండి. సెలెక్షన్స్ వారంలో పరుగెత్తితే పని అవ్వదు.